రిబ్కక్కయ్య మూడు గంటలు

మా పేట సంఘంలో ఎవరికైనా జబ్బు చేస్తే మొదట్లో అందరూ వస్తారు, తర్వాత కొందరు వస్తారు, ఆ తర్వాత ఆ ఇంటిముందు నుంచి వెళ్లాల్సి వచ్చినప్పుడు కాస్త గబగబా నడుస్తారు. మళ్లీ ఈస్టరుకి ముందొచ్చే లెంటు దినాలు రావాలి. శ్రమకాలం కదా, శ్రమపడుతున్న మనిషి ఒకరు కావాలి. అప్పుడు పాతికమందిమి వెళ్లి ఆ మంచం చుట్టూ చాపలు పరుచుకుని కూర్చుంటాం.

ఎనభై ఏడులో ఆ మంచం లూకాగారిది. తెనాలిలో మా పేట లూథరన్ గుడిలో హార్మోనియం ఆయనదే, పాటలు నేర్పేదీ ఆయనే. మేమంతా శ్రుతి తప్పకుండా పాడటం ఆయన చలవ, తప్పినప్పుడు తిట్లు తినడమూ ఆయన దగ్గరే. అలాంటి మనిషికి పక్షవాతం వచ్చి కుడిపక్క పడిపోయింది. మాట పోయింది. చెవులు మాత్రం అలాగే ఉన్నాయి, మేం పాడుతుంటే ఆయన మొహం చూస్తే తెలిసేది. ఆయనకి పిల్లల్లేరు. భార్య రిబ్కాది రేపల్లె. ఇంట్లో మిషను పెట్టుకుని జాకెట్లు కుట్టేది. నేను అక్కయ్యా అని పిలిచేదాన్ని కనుక లూకాగారు నాకు బావగారు.

ఆయన గుడికి రాలేరు కాబట్టి ఆ లెంటులో ప్రతి బుధవారం ప్రార్థన కూడిక ఆయన ఇంట్లోనే పెట్టాలని స్త్రీల సమాజం అధ్యక్షురాలు సుగుణమ్మగారు నిర్ణయించారు. ఉపవాస దినాలు గనుక టీ తప్ప పలహారం పెట్టకూడదని కూడా ఆవిడే నిర్ణయించారు. మిగతా రోజుల్లో వేరే ఇళ్లలో కూడిక పెడితే పకోడీలు పలహారం కిందికి రావని, అవి టీకి తోడు మాత్రమేనని తీర్మానం లేకుండానే నడిచిపోయింది. రిబ్కక్కయ్య ఇంట్లో ఉత్త టీయే. పక్కింటి మాణిక్యమ్మగారి దగ్గర గ్లాసులు అడిగి తెచ్చి, పాతికమందికీ టీ కాచి, మేం ఆయన కోసం కన్నీళ్లతో ప్రార్థన చేస్తుంటే దొడ్లో ఆ గ్లాసులు కడుక్కునేది. ఆవిడ ప్రార్థనలో కూర్చున్నది నేనెప్పుడూ చూడలేదు.

వెళ్లేటప్పుడు మాత్రం గుమ్మంలో ఒక్కొక్కరం ఆవిడ చేతులు పట్టుకుని, ఏం కావాలన్నా మొహమాటపడకుండా అడగమని చెప్పేవాళ్లం. ఆవిడ తలూపేది. ఇది ఇలా సాఫీగా ఈస్టరు దాకా జరిగిపోయేదే. మట్టలాదివారానికి ముందు బుధవారం నాడు ఆవిడ నిజంగానే అడిగేసింది.

"గుడ్ ఫ్రైడే నాడు మూడు గంటల ఆరాధనకి వస్తానండి. రెండేళ్ల పైనయింది గుడిలో కూర్చుని. ఆ కాసేపూ ఈయన దగ్గర ఎవరైనా ఉంటారా?"

పాస్టరుగారు, మేం అయ్యగారంటాం, కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. సంఘ పెద్ద పౌలుగారు గొంతు సవరించుకుని, ఇంకే రోజైనా అయితే సరేగానీ గుడ్ ఫ్రైడే నాడు దేవుని మందిరం వదిలిపెట్టి ఇంట్లో ఎవరు కూర్చుంటారమ్మా అన్నారు. ఆ మాట ఆయన ఆవిడతోనే అంటున్నారని ఆయనకి తట్టినట్టు లేదు.

"మనం ప్రార్థనలో పెడదాం రిబ్కా, దేవుడే దారి తెరుస్తాడు" అన్నారు సుగుణమ్మగారు.

"దారి తెరవక్కర్లేదండి. మంచం పక్కన ఒకరు కూర్చుంటే చాలు."

ఆ మాట ఆవిడ చాలా మామూలుగా అంది, గ్లాసులు పోగుచేస్తూ. మాణిక్యమ్మగారు ఉన్నారుగా అని ఎవరో అన్నారు. మాణిక్యమ్మగారు ఉన్నారు, మా సంఘం కాదుగానీ మనసున్న మనిషే, రిబ్కక్కయ్య బజారుకెళ్లి వచ్చేదాకా చూస్తారు కూడా. కానీ ఆవిడ మోకాళ్లు ఆవిడ మాటే వినవు. లూకాగారిని గంటకోసారి పక్కకి తిప్పాలి, అది ఆవిడవల్ల కాదు.

నేనుంటానన్నాను.

అందరూ నావైపు జాలిగా చూశారు, నా ఆత్మ గతి ఏమవుతుందో అన్నట్టు. నిజం చెప్పాలంటే అది పెద్ద త్యాగమేం కాదు. సిలువ మీద ప్రభువు పలికిన ఏడు మాటల మీద మా గుడిలో ఏడుగురు ప్రసంగిస్తారు. ఆ సంవత్సరం మావారికి ఐదో మాట వచ్చింది, దాహాన్ని గురించినది. ఏడింటిలోకీ అదే చిన్న మాట. అలాంటి మాటని మావారు బీరువా అద్దం ముందు నిలబడి అరగంట సాగదీయగా నేను అప్పటికి చాలాసార్లు విని ఉన్నాను. పైగా మనిషిని ఎత్తి తిప్పడం నాకు కష్టం కాదు. బాపట్లలో బి.ఏ. చదివానని అందరికీ తెలుసుగానీ, అదే బాపట్లలో మా నాన్నగారి గేదెలకి కుడితి బిందెలు మోశానని ఎవరికీ తెలియదు.

రిబ్కక్కయ్య నా దగ్గరికి వచ్చి థాంక్స్ లాంటిదేమీ చెప్పలేదు. "నిజంగా వస్తావా?" అని మాత్రం అడిగింది. వారం రోజుల్లో ఆ మాట ఇంకో రెండుసార్లు అడిగింది, ఒకసారి చేపల బజారులో, ఒకసారి మా ఇంటికి వచ్చి మరీ.

గుడ్ ఫ్రైడే నాడు నేను వెళ్లేసరికి ఆవిడ తయారై కూర్చుంది. ఆ రోజు ఆడవాళ్లమందరం తెల్లచీరలే కడతాం. ఆవిడ చీర ఎప్పటిదో పెట్టెలోంచి తీసినట్టుంది, మడతలు మడతలుగానే పసుపురంగు తిరిగింది. మెడ దగ్గర పౌడరు కూడా కొద్దిగా రాసుకుంది. గంజి ఎక్కడుందో, తుడిచే బట్టలెక్కడున్నాయో, ఏ పక్కకి తిప్పితే నొప్పి పుడుతుందో చెప్పింది. చెప్పినవే మళ్లీ చెప్పింది. మంచం కింది ట్రంకు పెట్టెకి తాళం వేసి, అలవాటుకొద్దీ చెవి బొడ్లో దోపుకుంది. గుమ్మం దాకా వెళ్లి వెనక్కొచ్చి ఆయన దుప్పటి సర్దింది.

"వెళ్లక్కయ్యా, పన్నెండవుతోంది. పౌలుగారు తలుపులు మూసేస్తారు" అన్నాను.

అది వేళాకోళం కాదు. మా గుడిలో ఆ మూడు గంటలూ గంట కొట్టరు, సిలువ ముందుండే బల్ల మీద నల్లగుడ్డ కప్పుతారు, ఒకరితో ఒకరు మాట్లాడకూడదు, లోపలివాళ్లు బయటికి రాకూడదు, బయటివాళ్లు లోపలికి పోకూడదు. గుమ్మం దగ్గర పౌలుగారు పెదాల మీద వేలు పెట్టుకుని నిలబడతారు. తుమ్మిన వాళ్లనైనా సరే, గుడ్లురిమి చూస్తారు. ఆ మూడు గంటల్లో ఆ గుమ్మానికి కబురంటూ వచ్చిందంటే అది చావు కబురే అయ్యుండాలని మా సంఘంలో పెద్దవాళ్లందరికీ తెలుసు. ఇంకే పనికీ ఎవరూ రారు.

గుడి ఆ వీధి చివరే. గోపురం మీద మైకు బూరలు రెండు ఉన్నాయి, ఒకటి సరిగ్గా ఈ ఇంటివైపే తిరిగి ఉంటుంది. అందుకని నేను గుడికి వెళ్లకపోయినా గుడే నా దగ్గరికి వచ్చింది. మొదటి మాట, రెండో మాట అయ్యాయి. మధ్యలో కీర్తనలు. లూకాగారి స్థానంలో ఇప్పుడు హార్మోనియం వాయిస్తున్నది బ్యాంకులో పనిచేసే మార్కు. బ్యాంకు మూసే టైమైనట్టు వాయిస్తాడు. బావగారు ఎడమచేత్తో పరుపుమీద నెమ్మదిగా తాళం వేస్తూ అతన్ని వెనక్కి లాగాలని చూస్తున్నారు.

మూడో మాట, తల్లిని శిష్యుడికి అప్పగించిన మాట, ఏటా సుగుణమ్మగారిదే. ఆవిడ మొదలుపెట్టిన కాసేపటికి బావగారు కుదురుగా ఉండటం మానేశారు. ఎడమచెయ్యి ఎత్తి నావైపు చూపిస్తారు, మంచం కిందికి చూపిస్తారు. మంచినీళ్లిచ్చాను, వద్దు. పక్కకి తిప్పాను, కాదు. విసనకర్రతో విసిరాను. చెయ్యి విదిలించారు. ఆయాసం వచ్చేస్తోంది, కళ్లలో నీళ్లు. నాకు భయం వేసింది. మళ్లీ నావైపు చూపిస్తే, నావైపు కాదు, నా చీరవైపు అని అప్పటికి అర్థమైంది. గుడికి వెళ్లకపోయినా నేనూ తెల్లచీరే కట్టుకున్నాను. మంచం కింద ట్రంకు పెట్టె.

"తెల్లబట్టలా బావగారూ? పంచె, లాల్చీ తియ్యమంటారా?"

ఆయన చెయ్యి పరుపుమీద వాలిపోయింది. అదే. ప్రతి గుడ్ ఫ్రైడే ఇస్త్రీ చేసిన తెల్లబట్టల్లో హార్మోనియం ముందు కూర్చున్న మనిషి, ఆ రోజు నీలం గళ్ల లుంగీతో పడుకుని ఆరాధన వినలేకపోతున్నారు. పెట్టెకి తాళం. చెవి రిబ్కక్కయ్య బొడ్లో.

మూడు దాటాక చూద్దామని చెప్పాను. ఆయన కళ్లు మూసుకున్నారు, మూసిన కళ్లలోంచి నీళ్లు చెవిలోకి కారాయి. చూడలేక మాణిక్యమ్మగారిని కేకేశాను. వెళ్లి గుమ్మం దగ్గర ఎవరితోనైనా చెప్పి తాళంచెవి అడిగి తీసుకురమ్మన్నాను. అక్కయ్యని కదిలించొద్దని గట్టిగా చెప్పాను. ఆవిడ చెప్పులు ఇంట్లోనే వదిలేసి, దేవుడి గుడికి కదా అని కొంగు తలమీద కప్పుకుని, ఏప్రిల్ ఎండలో కాళ్లు కాలుతూ కుంటుకుంటూ వెళ్లింది.

అక్కడేం జరిగిందో తర్వాత ఆవిడే చెప్పింది. గుమ్మం ముందు నిలబడేసరికి మోకాళ్ల నొప్పికి, ఎండకి కళ్లు నీళ్లు కారుతున్నాయి. మాట్లాడబోతే పౌలుగారు అరచెయ్యి అడ్డం పెట్టారు. లూకాగారి పక్కింటావిడ, తలమీద కొంగు, కాళ్లకి చెప్పుల్లేవు, కళ్లనిండా నీళ్లు. ఆయన ఇంకేమీ అడగలేదు. మాట్లాడకూడని వేళ కదా. అర్థమైందన్నట్టు తలూపి, ఆవిడ భుజం తట్టి, మునివేళ్ల మీద నడుచుకుంటూ వెళ్లి అయ్యగారి చెవిలో చెప్పారు.

మాకు వినబడింది ఇది. సుగుణమ్మగారి గొంతు ఉన్నట్టుండి ఆగింది. మైకు గరగరమంది. అయ్యగారు వచ్చారు.

"ప్రియ సంఘమా, ఇప్పుడే అందిన వార్త. మన సహోదరుడు, చాలా సంవత్సరాలు ఈ మందిరంలో సంగీత సేవ చేసిన లూకాగారు ప్రభువునందు నిద్రించారు."

నేను బావగారి వైపు చూశాను. ఆయన నావైపు చూస్తున్నారు. నిద్ర ఏ కోశానా లేదు.

"అబద్ధం బావగారూ, మీరు ఉన్నారు" అన్నాను.

ఆయన ఎడమ పెదవి వంకరపోయి గొంతులోంచి ఒక చప్పుడు వచ్చింది. నవ్వని తెలుసుకోవడానికి నాకు కాస్త సమయం పట్టింది. అప్పటికి అయ్యగారు ఆయన గుణగణాలు చెబుతున్నారు. సౌమ్యుడన్నారు. పాటలు నేర్చుకున్నవాళ్లెవరూ ఒప్పుకోని మాట. ఎవ్వరినీ ఒక మాట అని ఎరగడన్నారు. బావగారు శ్రద్ధగా వింటున్నారు. తర్వాత సంఘం లేచి సమాధుల దగ్గర పాడే కీర్తన ఎత్తుకుంది, మార్కు దాన్ని కూడా పరిగెత్తించాడు, బావగారి చెయ్యి చిరాగ్గా పరుపుమీద కొట్టింది. ఇద్దరం నవ్వుకున్నాం. అంతవరకూ నిజంగానే నవ్వుకున్నాం.

కీర్తన అయిపోయింది. ఆయన చెయ్యి ఆగింది. తల కొద్దిగా కిటికీవైపు తిప్పి, ఊపిరి కూడా బిగబట్టి వింటున్నారు. ఏం వింటున్నారో నాకు తెలియలేదు. మైకులో నిశ్శబ్దం. దగ్గులు, బెంచీల చప్పుడు. అంతలో దూరంగా ఒక ఆడగొంతు ఘొల్లుమంది. ఆయన కళ్లు ఒక్కసారి వెలిగాయి. మరుక్షణం ఆ గొంతు ఎవరిదో ఇద్దరికీ తెలిసిపోయింది. అది మాణిక్యమ్మగారిది. తను బయలుదేరాక ఆయన పోయారని, గుడి కాబట్టి తనకన్నా ముందే వాళ్లకి కబురు తెలిసిపోయిందని అనుకుని ఆవిడ ఏడుపు అందుకుంది.

ఆయన ఇంకా వింటున్నారు. రిబ్కక్కయ్య గొంతు నాకూ తెలుసు. పాటలో పదిమంది గొంతుల్లో కలిసినా విడిగా వినబడే గొంతు. అది వినబడలేదు. మైకులో పౌలుగారు వచ్చి నాలుగో మాట మొదలుపెట్టారు. చావు వచ్చినా ఏడు మాటలూ పూర్తి కావాల్సిందే.

నేను వీధిలోకి వచ్చాను. ఆయన్ని వదిలి వెళ్లలేను, అరుగు మీద నిలబడ్డాను. వీధి ఆ చివరినుంచి స్త్రీల సమాజం మొత్తం తెల్లచీరల్లో వస్తోంది, వరిచేలో కొంగల్లాగా ఒకరి వెనక ఒకరు. అందరికంటే ముందు రిబ్కక్కయ్య. ఆవిడ పరిగెత్తడం లేదు. తూలడం లేదు. ఎవరూ పట్టుకోకుండా, తల వంచకుండా, చేతులు వదిలేసి నడుస్తోంది. బజారుకి వెళ్లినా వెనకనించి ఎవరో పిలుస్తున్నట్టు నడిచే మనిషి. ఆవిడ అలా నడవడం నేను అంతకుముందు చూడలేదు.

"ఉన్నారు, బావగారు ఉన్నారు" అని అరిచాను. "నేను తాళంచెవి కోసం పంపించానంతే."

సుగుణమ్మగారు ఆగిపోయారు. వెనక ఎవరో, లేచారా అని అడిగారు. ముందు పోతే కదా లేవడానికి అన్నాను. ఒకావిడ స్తోత్రం అంది, ఇంకొకావిడ ఏడుపు మొదలుపెట్టి ఆపలేక అలాగే కొనసాగించింది.

రిబ్కక్కయ్య ఎవరి మాటా వినలేదు. గుమ్మంలోకి వెళ్లి ద్వారబంధం పట్టుకుని నిలబడింది. లోపల ఆయన మెలకువగా ఆవిడ మొహంలోకే చూస్తున్నారు. ఆవిడ కళ్లు పొడిగా ఉన్నాయి. ఆ ఇద్దరూ అలా ఎంతసేపు చూసుకున్నారో గానీ, నాకు ఆ మధ్యలో నిలబడటం తప్పు అనిపించి పక్కకి జరిగాను. అప్పుడు ఆవిడ గడప మీద కూలబడి ఏడ్చింది. వీధి మొత్తం వినేలా ఏడ్చింది.

"సంతోషమమ్మా, సంతోషం కూడా ఏడిపిస్తుంది" అన్నారు సుగుణమ్మగారు, అందరికీ వివరిస్తున్నట్టు.

లూకాగారు మొహం గోడవైపు తిప్పుకున్నారు.

తెల్లబట్టల సంగతి చెప్పాను. ఆవిడ కళ్లు తుడుచుకుని బొడ్లోంచి తాళంచెవి తీసి పెట్టె తెరిచింది. పంచె కట్టింది, లాల్చీ తొడిగింది, గుండీలు పెట్టింది. ఆయన ఒళ్లు అప్పగించారు గానీ ఆవిడ వైపు చూడలేదు. ఆ బట్టల కోసం అంత గోల చేసిన మనిషి ఒక్కసారి వాటివైపూ చూసుకోలేదు. వచ్చినవాళ్లు ఊరికే పోలేక చుట్టూ నిలబడి పాట పాడారు. ఆ పాటలోకి మైకులోంచి మావారి దాహం వచ్చి కలిసింది. అరగంట అనుకున్నది ఇంకా పెరిగింది. ఎవరం నవ్వలేదు.

అందరూ వెళ్లాక నేను ఉండిపోయాను. ఆయన కళ్లు మూసుకుని ఉన్నారు. దొడ్లో బట్టలుతికే రాయి దగ్గర అక్కయ్య గ్లాసులు కడుగుతోంది. ఆ రోజు ఎవరూ టీ తాగలేదు, కడగాల్సిన గ్లాసులేమీ లేవు. బుధవారం కడిగినవే తీసి మళ్లీ కడుగుతోంది.

"కరుణా, మైకు ఇక్కడికి వినపడిందా?"

నేను ఒక్క క్షణం ఆలోచించాను. "లేదక్కయ్యా, మధ్యలో కరెంటు పోయింది."

ఆవిడ గ్లాసు బోర్లించింది. "గుడికీ మాకూ ఒకటే లైనమ్మా. ఇక్కడ పోతే అక్కడా పోతుంది."

బి.ఏ. చదివినా ఆ సంగతి నాకు తట్టలేదు.

"అయ్యగారు చెప్పగానే ఏడవాలని నాకు తెలుసు. అందరూ నావైపే చూస్తున్నారు. రాలేదు. ఏమనుకున్నానో తెలుసా? ఈ రాత్రికి లేవక్కర్లేదు అనుకున్నాను. గుళ్లో కూర్చుని, దేవుడి ఎదురుగా, అదే అనుకున్నాను. వీధిలో నడుస్తుంటే ఒళ్లు ఎంత తేలిగ్గా ఉందో." ఆవిడ నీళ్లు వొంపేసింది. "ఇంట్లోకి వచ్చేసరికి ఆయన చూశారు. నేను మొహం సర్దుకునే లోపే చూశారు."

అలసటకి ఎవరికైనా అలాగే ఉంటుందక్కయ్యా అన్నాను. అది పుస్తకాల్లో మాట, ఆవిడకి పనికిరాలేదు.

ఈస్టరు నాడు అయ్యగారు గుడిలో లూకాగారి గురించి ప్రస్తావించి, పొరపాటు కూడా దేవుని చిత్తమేనన్నట్టు మాట్లాడారు. పౌలుగారు తన తప్పేం లేదని ఇంటింటికీ తిరిగి చెప్పుకున్నారు. ఆ వేళ మాట్లాడకూడదు కనుకే అడగలేదని ఆయన వాదన, అది నిజమే. ఇళ్లలో మాత్రం ఈ కథ నవ్వులాటగా చెప్పుకున్నారు, పునరుత్థానం మా పేటలో రెండు రోజులు ముందొచ్చిందని. మొదట ఆ మాట అన్నది నేనే అయ్యుంటాను. ఆ తర్వాత మళ్లీ అనలేదు.

లూకాగారు గంజి తాగడం తగ్గించారు. పట్టుపట్టి మానలేదు, చెంచా నోటిదాకా వస్తే తెరిచేవారు, రెండోసారికి తెరిచేవారు కాదు. రిబ్కక్కయ్య గుంటూరు తీసుకెళ్లి చూపించింది. డాక్టరు, ఈ జబ్బులో మామూలేనన్నాడు. లెంటు అయిపోయింది కనుక కూడికలు ఇంకో ఇంటికి కూడా పోలేదు, మొత్తంగానే ఆగిపోయాయి. నేను అప్పుడప్పుడు వెళ్లి ఆయన్ని తిప్పి వచ్చేదాన్ని. వెళ్లినప్పుడల్లా ఆయన గోడవైపే ఉండేవారు, నేను ఇటు తిప్పితే నావైపు చూసి మర్యాదగా కళ్లు ఆర్పేవారు.

ఒక రోజు ఆవిడ నాతో చెప్పింది. ముందురోజు సాయంత్రం ఆయన పక్కన కూర్చుని, విన్నారు కదా, నేను ఏడవలేదు, అని పైకే అనేసిందట. ఇంకెన్నాళ్లు కడుపులో పెట్టుకోనూ అంది. ఆయన ఎడమచెయ్యి వచ్చి ఆవిడ చేతి మీద పడిందట.

"పట్టుకున్నారో, తీసెయ్యమన్నారో తెలియలేదమ్మా. అంత బలం లేదుగా ఆ చేతిలో. నేను మాత్రం తియ్యలేదు."

మే నెలాఖరున, రోహిణి ఎండల్లో, మిట్టమధ్యాహ్నం ఆయన పోయారు. ఈసారి కబురు మైకులో రాలేదు. ఆవిడ గొంతులోంచే వచ్చింది. నేను మా ఇంట్లో అన్నం వడ్డిస్తుంటే వినబడింది, మా ఇల్లు అక్కడికి దగ్గరేం కాదు. వెళ్లేసరికి ఆవిడ ఆయన తలని ఒళ్లో పెట్టుకుని, చెవి దగ్గర నోరు పెట్టి ఏడుస్తోంది. ఆ చెవిలో పడాలని ఏడుస్తోంది. ఎంతమంది పట్టి లాగినా వదల్లేదు. ఎంత ప్రేమో చూశారా అని సుగుణమ్మగారు నాతో అన్నారు. అవునండి అన్నాను. అదీ నిజమే.

సమాధికి ఎక్కువమంది రాలేదు. ఎండలు ఒకటి, పైగా చాలామందికి ఆయన కోసం ఒకసారి ఏడ్చేసినట్టే ఉంది. అయ్యగారు కూడా చెప్పగలిగినదంతా ముందే చెప్పేసి ఉన్నారు, సౌమ్యుడని, ఒక మాట అని ఎరగడని, అవే మళ్లీ చెప్పారు.

మరుసటి ఏడు లెంటు మామూలుగా వచ్చింది. సుగుణమ్మగారు కూడికలకి ఇంకో జబ్బు మనిషిని చూసుకున్నారు. బాపట్ల నుంచి బదిలీ మీద వచ్చిన ఒక గుమాస్తాగారి తల్లి, కాలు విరిగింది. రిబ్కక్కయ్య అన్నిటికీ వచ్చేది. ఆ గుమాస్తాగారి ఇంట్లో గ్లాసులు కడిగేది కూడా ఆవిడే. ఎవరూ అడగలేదు, ఎవరూ వద్దనలేదు.

గుడ్ ఫ్రైడే నాడు ఆవిడ తలుపులు తెరవకముందే వచ్చి, లోపలికి వెళ్లగానే ముందు బెంచీలో కూర్చుంది. నేను వెళ్లి పక్కన కూర్చున్నాను. ఆ సంవత్సరం ఐదో మాట ఇంకెవరికో ఇచ్చారు, మావారు అలిగి వెనక కూర్చున్నారు. పౌలుగారు తలుపులు దగ్గరగా వేసి వేలు పెదాల మీద పెట్టుకున్నారు. మొదటి మాట మొదలయ్యేసరికి అక్కయ్య బెంచీలో పక్కకి తిరిగింది. సరిగ్గా వినపడక అనుకున్నాను. కాదు. ఆవిడ గుమ్మంవైపు చూస్తోంది. రెండో మాటలోనూ అంతే. బయట ఒక కాకి అరిచినా, గాలికి తలుపు కిర్రుమన్నా, మెడ అటే తిరిగేది. బల్లవైపు ఒక్కసారి కూడా చూడలేదు.

ఇంక ఉండబట్టలేక, పౌలుగారు చూస్తారని తెలిసీ ఆవిడ చెవిలో చెప్పాను. "ఎవరూ రారక్కయ్యా."

"తెలుసమ్మా" అంది, కళ్లు అటునుంచి తిప్పకుండానే.

మూడు దాటింది. ఏడు మాటలూ అయ్యాయి. మా ఆనవాయితీ ప్రకారం ఒకరితో ఒకరం పలకరించుకోకుండా, చప్పుడు చెయ్యకుండా ఒక్కొక్కరం బయటికి నడిచాం. మావారు సైకిలు తీసుకుని వెళ్లిపోయారు. వెనక్కి తిరిగి చూస్తే అక్కయ్య ఇంకా బెంచీలోనే ఉంది. లోపలికి వెళ్లి, ఇంటికి వెళ్దాం పదక్కయ్యా అన్నాను.

"వెళ్లి ఏం చెయ్యాలి కరుణా" అని అడిగింది. నిజంగానే తెలుసుకోవాలని అడిగినట్టు నా మొహంలోకి చూసింది. పౌలుగారు ఆఖరి కిటికీ మూస్తున్నారు. నేను ఆవిడ పక్కన మళ్లీ కూర్చున్నాను.